రెండు కేమ్‌షాఫ్టుల్లో పెద్దది

ఇవాళ పొద్దున్న వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. పక్కనే మా అబ్బాయి ఫోనులో ఏదో వీడియో పెట్టాడు. అందులోంచి ఒక ఇంజన్ చప్పుడు, నిలకడ లేకుండా, కుంటుకుంటూ వచ్చేసరికి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. వాడు రోజూ బొబ్బిలి మార్కెట్టుకు సరుకు తోలే పికప్పుకు జోరు పెంచే కేమ్‌షాఫ్టు వేయిస్తాడట, మూడు రకాలున్నాయట, ఏది బాగుంటుందని వాళ్ళ నాన్నను అడుగుతున్నాడు. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని, వినపడనట్టే కూర్చున్నారు. ఆయనకు చెముడేమీ లేదు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మాకూ ఒక పికప్పు ఉండేది. పాత పెట్రోలు జీపుకు వెనక తొట్టి కట్టించిన బండి అది. వంశధార ఒడ్డు ఊళ్ళ నుంచి వంకాయలు, ఆనపకాయలు తెల్లవారకుండానే ఎక్కించుకుని ఆమదాలవలస స్టేషనులో పాసింజరు రైలుకు అందించాలి. రైలు తప్పితే కాయలూ వాడిపోయేవి, రైతుల మొహాలూ వాడిపోయేవి. కొత్తగా వచ్చిన వ్యాన్లు మా బండిని దాటి దుమ్ము కొట్టుకుంటూ పోతుంటే మా ఆయనకు అన్నం సహించేది కాదు. రైతులు ఒక్కొక్కరే ఆ వ్యాన్ల వైపు చూడటం మొదలుపెట్టారు కూడాను.

అప్పుడు మా మరిది విశాఖపట్నంలో ఒక గ్యారేజీలో పని నేర్చుకుంటున్నాడు. అన్న కష్టం విని, గ్రీజు కాగితంలో చుట్టిన రెండు కేమ్‌షాఫ్టులు తెచ్చాడు. ఇంజన్లో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో చూసుకునే కడ్డీ అదేనట. దాని మీద గుడ్డులాంటి మిట్టలుంటాయి. మిట్ట పెద్దదైతే పరుగులో ఇంజన్‌కు ఊపిరి బాగా అందుతుంది, నెమ్మదిగా బరువు లాగేటప్పుడు మాత్రం ఆయాసపడుతుంది. ఇదంతా నాకెలా తెలుసంటారేమో, మా ఇంటి అరుగు మీదే మరిది అన్నకు విడమరిచి చెబుతుంటే పక్కన మజ్జిగ గ్లాసులతో నిలబడ్డదాన్ని నేనే. చిన్నది చాలు, ఆ మాటకొస్తే పాతదే మేలు, రోజూ బరువు మోసే బండి మనదని మరిది మరీమరీ చెప్పాడు. మా ఆయన చెవిన పెట్టలేదు. పెద్దదే కావాలన్నారు. అన్న మాట కాదనే అలవాటు ఆ పిల్లాడికి లేదు, అదే బిగించాడు.

బండికి ఏ మరమ్మతు చేయించినా మొదట శ్రీముఖలింగం వెళ్ళి కొబ్బరికాయ కొట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఇంటిల్లిపాదీ తొట్టిలో ఎక్కాం. ఖాళీ బండి కదా, తారురోడ్డు మీద గాలిలా పోయింది. మా అత్తగారు ఒక చేత్తో కొంగు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, దేవుడినీ చిన్నకొడుకునీ కలిపి పొగిడారు. ఆ ఒక్కరోజూ అందరం నిజంగా సంతోషంగా ఉన్నాం. బరువు వేసి చూడాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు.

మర్నాడు ఏటి ఒడ్డున బుట్టలు నిండుగా ఎక్కించారు. అక్కడి నుంచి కరకట్ట మీదికి ఇసుక ఎత్తు ఎక్కాలి. పాత కేమ్‌షాఫ్టుతో ముసలెద్దులా ఒక్కో అడుగే వేసుకుంటూ ఎక్కేసే బండి, ఆ రోజు సగం ఎత్తులో దగ్గి, కొట్టుకుని ఆగిపోయింది. బ్రేకు నిలవక వెనక్కి జారింది. ఎప్పటిలాగే చక్రం కింద పెట్టడానికి రాయి పట్టుకుని వెనకాల నడుస్తున్న మా మామగారు, రాయి వేశారు గానీ అది ఇసుకలో జారిపోయింది. చక్రం ఆయన పాదం మీంచి వెళ్ళింది. ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఆయన కర్ర లేకుండా గట్టు మీద నడవలేదు, చేలోకి దిగలేదు.

ఆసుపత్రి వరండాలో అత్తగారు గుండెలు బాదుకుంటూ ఈ పని ఎవరు చేశారని అడిగితే, మా ఆయన తల వంచుకుని తమ్ముడి వైపు చెయ్యి చూపించారు.

"ఆడు తెచ్చినదే ఏయించినాను" అన్నారు.

నేను ఊరుకోలేదు. రెండు తెచ్చాడు, చిన్నది చాలన్నాడు, నేను విన్నాను అన్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, అన్నదమ్ముల మధ్య అగ్గి పెట్టొద్దని అత్తగారు నా నోరు మూయించారు. మరిది ఇంటికి వచ్చి పాత కేమ్‌షాఫ్టు తిరిగి బిగించి, పనిముట్లు తుడిచి సంచిలో సర్దుకుని, నాతో మాత్రం వెళ్ళొస్తానని చెప్పి విశాఖపట్నం రైలెక్కాడు. మళ్ళీ మా ఇంట్లో భోజనానికి కూర్చోలేదు. పెళ్ళిళ్ళలో అన్నదమ్ములు చెరో పంక్తిలో తింటారు. చిన్నాన్న తాతయ్య కాలు విరగ్గొట్టాడనే మా పిల్లలు వింటూ పెరిగారు. అది నిజం కాదని నేను చెప్పినప్పుడల్లా వాళ్ళు తండ్రి మొహం చూసేవారు, ఆయన లేచి బయటికి పోయేవారు.

ఇవాళ లేచి పోలేదు. పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మూడిట్లో ఏదీ వొద్దురా. బరువు బండికి ఇది వొద్దని మీ సిన్నాన్న ఆనాడే సెప్పినాడు. పెద్దది కావాలన్నది నానే."

అబ్బాయి నా వైపు చూశాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, కోపమూ ఆగలేదు. ఈ మాట వినవలసినవాడు వీడు కాదు. వెంటనే మరిదికి ఫోను కలిపి ఆయన చేతిలో పెట్టాను. ఆయన గొంతు సవరించుకుని "ఒరే, నానురా" అన్నారు, అంతే. అవతలి నుంచి ముసలితనం వచ్చేసిన మరిది గొంతు కంగారుగా పలికింది.

"అన్నా! బండేటైనా ఆగిపోనాదేటి? ఎక్కడున్నావు? నాను వస్తన్నాను."

మా ఆయన ఫోను నా చేతికిచ్చేసి ముఖం కండువాలో దాచుకున్నారు. బండి బాగానే ఉన్నాది, నువ్వు రా నాయినా అని నేనే చెప్పాను.

ఇప్పుడా కరకట్ట మీదికి సిమెంటు రోడ్డు వేశారు, ఎంత బరువైనా ఇట్టే ఎక్కేస్తుంది, చక్రం వెనక రాయి పట్టుకుని నడిచే మనిషి అక్కర్లేదు. ఆ రోజుల్లో విశాఖపట్నానికి ఒక మాట చేరాలంటే మనిషి వెళ్ళాలి, ఇప్పుడు వేలితో నొక్కితే చాలు. అయినా తప్పు నాదేనన్న ఆ ఒక్క మాట ఆయన తమ్ముడితో ఇంకా చెప్పనేలేదు. మరిది సాయంత్రం రైలుకు వస్తానన్నాడు. నేను అన్నం అన్నదమ్ములకూ అబ్బాయికీ ఒకే పంక్తిలో వడ్డిస్తాను.