ఖతీఫ్‌లో ఒక ‘ఎట్’ మాట కోసం

ఒక పెద్దావిడ ఏం అడుగుతోందో తెలుసుకోవడానికి నేను రియాద్ నుంచి ఖతీఫ్ వెళ్ళాను. ఫోన్ చేసి పిలిచింది గంగాధర్. జగిత్యాల వైపు మనిషి, ఖతీఫ్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. అతని బావ మా ఆసుపత్రిలోనే పనిచేస్తాడు. ఆ ఇంటి పెద్దావిడ పుట్టింది స్వీడన్‌లో. ఖతీఫ్ మనిషిని పెళ్ళాడి వచ్చి, పిల్లల్ని పెంచి, భర్త పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. పెద్ద కొడుకు పేరుతో అందరూ ఆమెను ఉమ్ అలీ, అంటే అలీ అమ్మ, అంటారు. పక్షవాతం వచ్చాక అరబిక్, ఇంగ్లీషు రెండూ పోయాయి. పుట్టుభాష మిగిలింది, అదీ సగమే.

“అక్కా, నీకు ఆ భాష ఎర్కనట గదా,” అన్నాడు గంగాధర్. “మా మామా దినాం ఏదో అడుగుతది. అది ఇయ్యకపోతే బువ్వ ముడుతలేదు. ఇంట్ల ఎవరికీ సమజైతలేదు.” ఇక్కడి డ్రైవర్లు ఇంటి పెద్దావిడను మామా అనే పిలుస్తారు.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో నేను దమ్మామ్‌లో కొత్త నర్సును. కర్నూలు వదిలి వచ్చి ఏడాది కూడా కాలేదు. సైరన్ మోగితే అందరం ఆసుపత్రి నేలమాళిగలోకి దిగేవాళ్ళం. మా వార్డులోనే పనిచేసే ఒక స్వీడన్ నర్సు నా వణుకు చూసి, భయం మరిపించడానికి తన భాష నేర్పడం మొదలుపెట్టింది. వాళ్ళ నామవాచకాలు రెండు జట్లు: కొన్నిటి ముందు ‘ఎన్’ వస్తుంది, కొన్నిటి ముందు ‘ఎట్’. విశేషణం దాన్ని బట్టి మారాలి. కప్పు ‘ఎన్’ మాట కాబట్టి చిన్న కప్పుకు ‘లీటెన్’. బల్ల ‘ఎట్’ మాట, కాబట్టి చిన్న బల్లకు ‘లీటెట్’. ఎక్కువ ఉంటే రెండిటికీ ‘స్మో’. మనకు అన్నీ ‘చిన్న’ కదా అని నేను గొణుగుతుంటే ఆమె నవ్వేది. యుద్ధం ముగిశాక ఆమె వెళ్ళిపోయింది. నేర్చుకున్నది పోకుండా నేను చదువుతూనే ఉన్నాను.

రియాద్ నుంచి దమ్మామ్‌కు పొద్దున్న రైలు మంచిది, నాలుగు గంటల ప్రయాణం. దారంతా ఇసుకే. హుఫూఫ్ దగ్గరికి వచ్చేసరికి ఖర్జూర తోటలు కనిపించి కళ్ళు చల్లబడతాయి. దమ్మామ్ స్టేషన్ నుంచి ఖతీఫ్‌కు అరగంట. టాక్సీకైతే అరవై, డెబ్బై రియాళ్ళు అడుగుతారు. నాకోసం గంగాధర్ కారుతో వచ్చాడు.

“ఆమె మాటను ఫోన్ల తర్జుమాకు పెట్టి ఇన్నరక్కా,” అన్నాడు దారిలో. “చిన్నది, ఆకుపచ్చది అని అచ్చింది. ఆకుపచ్చ కప్పు దెచ్చిండ్రు. శాలువ దెచ్చిండ్రు. అన్నీ ఇసిరికొట్టింది.”

అలీ గుమ్మం దగ్గరే ఎదురయ్యాడు. వయసు నలభై దాటి ఉంటుంది, నిద్రలేని కళ్ళు. కాఫీ, ఖర్జూరాలు పెట్టి, నేను రెండు గుటకలు తాగేలోపే, “ముందు అమ్మను చూస్తారా?” అన్నాడు. లోపలి గదిలో పగలే లైటు వెలుగుతోంది. మంచం మీద సన్నగా, తెల్లగా ఉంది ఉమ్ అలీ. నేను స్వీడిష్‌లో నమస్కారం చెప్పగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఎట్ లీటెట్ గ్రోంట్...” అంది. చిన్న, ఆకుపచ్చ. ఆ తర్వాతి మాట కోసం ఎడమ చేతి వేళ్ళు గాలిలో వెతికాయి. ఆ మాట రాలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను కావాలనే మార్చి అడిగాను: “ఎన్ లీటెన్ గ్రోన్?”

“ఎట్!” అని పరుపు మీద చరిచింది. “లీటెట్!”

అప్పుడు అలీకి చెప్పాను. కప్పు, శాలువా, దుప్పటి, దిండు అన్నీ ‘ఎన్’ జట్టువి. మీ అమ్మ అడిగేది ‘ఎట్’ జట్టులోది. పేరు మర్చిపోయింది కానీ దాని జట్టేమిటో మర్చిపోలేదు. అరబిక్‌లోనూ విశేషణం మారుతుంది కాబట్టి అతనికి వెంటనే అర్థమైంది. “అంటే మేం తెచ్చినవన్నీ ముందే తప్పన్నమాట,” అన్నాడు మెల్లగా.

నాకు తెలిసిన ‘ఎట్’ మాటలు ఒక్కొక్కటే చెప్పాను. బల్ల అంటే తల అడ్డంగా ఊపింది. ఆపిల్ అంటే విసుక్కుంది. ‘స్కోప్’, అంటే బీరువా, అనగానే లేచి కూర్చోబోయింది. “బాకొమ్! బాకొమ్!”

“వెనకాల అంటోంది,” అన్నాను.

అలీ గోడకు ఆనించి ఉన్న పెద్ద బీరువా వైపు తిరిగాడు. “అక్కడొక కిటికీ ఉండేది. యుద్ధమప్పుడు విషవాయువు వస్తుందని నాన్న ప్లాస్టిక్ వేసి టేపు అంటించాడు. తర్వాత ఏసీ పెట్టాం, బీరువా అడ్డం వచ్చింది. ఇక ఎవరూ తెరవలేదు.”

అతనూ గంగాధర్ కలిసి బీరువాను జరిపారు. ఎండి పెళుసెక్కిన టేపు కింద చిన్న చెక్క తలుపులు, వెలిసిన ఆకుపచ్చ రంగు.

“ఫొన్‌స్టెర్,” అన్నాను. కిటికీ.

“ఎట్ లీటెట్ గ్రోంట్ ఫొన్‌స్టెర్,” అంది ఆమె, ఒక్క మాటా తడబడకుండా.

రెక్కలు గట్టిగా గుంజితే తెరుచుకున్నాయి. ఒకప్పుడు అక్కడ ఖర్జూర తోట ఉండేదట. ఇప్పుడు ఎదురుగా ప్రహరీ గోడ, మధ్యలో ఇరుకు సందు. ఆమె మనసు విరిగిపోతుందేమోనని భయపడ్డాను. సందులో పిల్లలు బంతి ఆడుతూ అరుస్తున్నారు. ఆమె చెవి అటు పెట్టి, “స్మో,” అంది. చిన్నవాళ్ళు.

“మమ్మల్ని అన్నానికి ఇక్కణ్ణుంచే పిలిచేది,” అన్నాడు అలీ. బయటికి వెళ్ళి, సందులో పిల్లల మధ్య కిటికీకి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె కొడుకును పైనుంచి కిందికి చూసి నవ్వింది. “స్టూర్!”

“ఏమంటోంది?” అని బయటి నుంచే అరిచాడు.

“పెద్దవాడివయ్యావట!”

ఆ మధ్యాహ్నం అతను చేపలన్నం కలిపి పెడితే ఆమె కొంచెం తింది. మిగతా మాటలు తిరిగొస్తాయని నేనేమీ చెప్పలేదు.

“గీ కిటికీ కోసమేనా అక్కా ఇన్ని దినాలు!” అన్నాడు గంగాధర్, స్టేషన్‌లో దించుతూ.

తిరుగు రైల్లో చాలాసేపు మన భాష గురించే ఆలోచించాను. మనకు విశేషణం మారదని అప్పట్లో వాదించాను కానీ చిన్నవాడు, చిన్నది, చిన్నవి అని మనమూ మారుస్తాం. ఆ చివరి ముక్కను ఇంతకాలం అలంకారంలాగే చూశాను. పేరు పోయినా ఆ ముక్క మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని, దాన్ని పట్టుకునే ఆమె ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళకు చెబుతోందని ఆ గదిలో తెలిసింది. ఎవరైనా అర్థం కాకుండా మాట్లాడుతుంటే మనం అర్థాన్నే వెతుకుతాం. ఎలా అంటున్నారో కూడా వినాలి.

స్వీడన్ వెళ్ళే ఏర్పాట్లలో ఉన్నవాళ్ళకు ఒక్క సలహా: ఏ మాటనూ ఒంటరిగా బట్టీ పట్టకండి, ముందున్న ఎన్, ఎట్‌తో కలిపే నోటికి పట్టించండి.