నలభై ఐదుగురి ఏడుపు

మా అక్క పెళ్ళి నా చేతులమీదుగా ఆగిపోబోయింది. చేతులంటే నిజంగా చేతులే, సరిగ్గా చెప్పాలంటే రెండు వేళ్ళు. ఆ వేళ్ళతో నేను తిప్పిన ఒక చిన్న మీట కథ ఇది. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

అరవైల చివర, విజయనగరంలో కాలేజీ చదువు. నుదుటిమీద జుట్టు, కాళ్ళకి బిగుతు ప్యాంటు, నోరు తెరిస్తే రాక్ సంగీతం. నా దగ్గరున్న రాక్ సంగీతమంతా కలిపి ఒక్కటే చిన్న రికార్డు. అట్టమీద నలుగురు దొరబాబులు, లేబులు మీద పెద్దగా 45.

"ఈ నలబై అయిదేటిరా?" అన్నాడు నా స్నేహితుడు అప్పలనాయుడు.

తెలీదంటే పరువేం కాను? "బేండులో నలబై అయిదుగురుంటార్రా."

"బొమ్మలో నలుగురే ఉన్నారు గదేటి?"

"మిగిలినోళ్ళు ఫొటోలో పట్టలేదు."

మా ఇంట్లో ప్లేయరు మీట నాన్న కచేరీ రికార్డుల కోసం ఎప్పుడూ ముప్ఫై మూడు అంకె దగ్గరే ఉండేది. నేను దాని జోలికి పోలేదు. పాట పెడితే డబ్... డబ్... అని డప్పు, వెనకే బావిలోంచి వచ్చినట్టు ఒక మూలుగు. "లోకంలో దుఃఖమంతా ఇందులోనే ఉందిరా!" అనేవాణ్ణి. అప్పలనాయుడు పాపం కళ్ళు తుడుచుకునేవాడు.

పెళ్ళి శృంగవరపుకోటలో, తాతగారింట్లో. మైకుసెట్టు పెత్తనం నాది. సాయంత్రం మగపెళ్ళివారి బస్సు వీధిలోకి వచ్చింది. మన దర్జా తెలియాలని సన్నాయి ఆపించి నా రికార్డు పెట్టాను. మైకుసెట్టు ప్లేయరు మీట ఇంట్లోలాగే ముప్ఫై మూడుకి తిప్పి మరీ!

ఊరంతా డబ్... డబ్... మూలుగు. బస్సు ఆగిపోయింది. పెళ్ళికొడుకు నాయనమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఏటర్రా అది? సావు డప్పునాగుంది! ఎవులు పోనారు?"

మా నాన్న పరిగెత్తాడు. "ఎవులూ పోనేదమ్మా, దిగండి!"

"మరా ఏడుపేటి? నాను దిగను. బస్సు ఎనక్కి తిప్పండర్రా!"

"ఒరే, ఆపరా సన్నాసీ!" నాన్న నావైపు తిరిగి అరిచాడు.

ఆపానా? మైకు అందుకున్నాను. "ఇది ఏడుపు కాదు, ఇంగ్లీషు సంగీతం. నలభై ఐదుగురు..."

"నలబై అయిదుగురు పోనారంట!" బస్సులో ఎవరో గొల్లుమన్నారు.

గుమ్మంలో అక్క పెళ్ళిచీరలో నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు. నన్నే చూస్తోంది. అప్పుడు నాకు సిగ్గేసింది. మైకు కింద పెట్టేశాను.

అంతలో పెళ్ళికొడుకు బుగ్గన చుక్కతో బస్సు దిగి, సరాసరి నా దగ్గరికి వచ్చి, లేబులు చూసి మీట నలభై ఐదుకి తిప్పాడు. మూలుగు ఒక్క గంతేసింది. డప్పు పరుగందుకుంది. నలుగురు కుర్రాళ్ళు, అచ్చంగా నలుగురే, ఎవరో పిల్లని డేన్సుకి రమ్మని కేరింతలు కొడుతున్నారు!

"నలబై అయిదంటే రికార్డు తిరిగే స్పీడు, బావమరిదీ," అన్నాడు మెల్లగా. "నా దగ్గరా ఉన్నాదీ రికార్డు."

నాయనమ్మ బస్సు దిగుతూ అడిగింది: "అయితే ఆ నలబై అయిదుగురూ బతికీసినట్టేనేటి?"

అందరూ నవ్వారు, అక్క తప్ప. అప్పగింతల దాకా నాతో మాట్లాడలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

అందుచేత పాఠకులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. తెలియని అంకెకి ఇక జన్మలో అర్థం చెప్పను. ఫొటోలో పట్టని ఆ నలభై ఒక్కరి మీద ఒట్టు!