కూతకెళ్ళిన మనిషి

మావాడికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ గడప దాటాలన్నా చెడుగుడు కూత పట్టేవాడు.

పరాయి దేశంలో చదువుకునే రోజుల్లో మాది ఒకే గది. స్నానాలగదిలో నీళ్ళు చల్లగా ఉన్నాయంటే చాలు, వంగి గడప ముట్టి, ఊపిరి బిగబట్టి, "చెడుగుడు చెడుగుడు" అంటూ లోపలికి దూకేవాడు. కూత ఆగేలోగా బయటపడేవాడు. ఒంటినిండా సబ్బు అలాగే ఉండేది.

"కడుక్కోలేదేంరా?"

"ఊపిరి అయిపోయింది. అక్కడే ఉంటే ఔట్ కదరా!"

బ్యాంకులోనూ అంతే, అంగట్లోనూ అంతే. కూతలరాయుడని పేరు పెట్టాం. వీధిలో నేను పదడుగులు వెనక నడిచేవాణ్ణి, ఎవరో తెలియనివాడిలా.

ఒక ఆదివారం కాలేజీలో ఎవరి దేశపు ఆట వాళ్ళు చూపించాలన్నారు. ఒకరు బంతులు తెచ్చారు. ఒకరు వలలు, ఒకరు కత్తులు. మావాడు సుద్దముక్క తెచ్చి నేలమీద గీత గీశాడు.

"బంతేది?" అన్నాడు ఆటల మాస్టారు.

"లేదండీ."

"మరి అవతలికి ఏం విసురుతారు?"

"మనిషిని."

"ఔటైనవాడి సంగతి?"

"బయట కూర్చుంటాడు. మనవాడెవడైనా వెళ్ళి అవతలివాణ్ణి ముట్టుకొస్తే, మళ్ళీ లేస్తాడు."

అందరూ నవ్వారు. నేను స్తంభం చాటుకు తప్పుకున్నాను.

ఆ ఏడే మౌఖిక పరీక్షలో నా నోరు పెగల్లేదు. తప్పాను. ఇక ఇంటికి పొమ్మన్నారు. నాలుగు రోజులు దుప్పటి ముసుగు తియ్యలేదు.

అయిదోనాడు మావాడు నన్ను ఈడ్చుకెళ్ళి, ఆ పరీక్ష పెట్టిన ప్రొఫెసరు గది బయట బల్లమీద కూలేశాడు. గడప ముట్టాడు.

"వద్దురా, నీకు దణ్ణం పెడతాను!"

వినలేదు. లోపలినుంచి ఒకే ఊపిరిలో వినిపించింది: "చెడుగుడు చెడుగుడు మావాడికి పాఠం వచ్చండీ మీరంటేనే భయం ఇంకొక్కసారి అడిగి చూడండి చెడుగుడు చెడుగుడు..."

మిరపపండులా ఎర్రబడ్డ మొహంతో బయటికొచ్చి పడ్డాడు. వెనకే ప్రొఫెసరు, చేతిలో కలం అలాగే ఉంది.

"సోమవారం, పది గంటలకు," అన్నాడు నాతో. మావాణ్ణి చూశాడు. "ఇతను మాత్రం దూరంగా ఉండాలి."

తలుపు మూసుకుంది. మావాడింకా రొప్పుతున్నాడు.

"లేవరా," అన్నాడు. "ముట్టుకొచ్చాను."

సోమవారం ఆ గది ముందు వంగి గడప ముట్టాను. ఊపిరి బిగబట్టాను. "చెడుగుడు చెడుగుడు" అన్నాను, వరండా అంతా వినబడేలా. వెళుతున్నవాళ్ళు ఆగి చూశారు.

పదడుగులు వెనక మావాడు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు, ఎవరో తెలియనివాడిలా.