మేస్త్రి కొండ ఎక్కినాడా?

నటరాజన్ మేస్త్రి పరుగెత్తడం మొదలుపెట్టినప్పుడు గుడియాత్తంలో అది ఉత్త పరుగేనని నమ్మినవాడు ఒక్కడూ లేడు. పగలంతా ఎండలో గోడలు కట్టి, సాయంత్రానికి నడుం పట్టుకొని కూలబడాల్సిన మనిషి, తెల్లవారకముందే లేచి పరదరామి రోడ్డెంట పరుగెత్తుతాడంటే ఎవరు నమ్ముతారు? పరదరామిలో రెండో సంసారం ఉందన్నారు మొదట. ఎన్నికలు దగ్గరపడ్డాక పుకారు మారింది. అవతలి కళగం పార్టీకి ఇళ్ళు లెక్కపెట్టి వస్తున్నాడని ఇవతలివాళ్ళూ, ఇవతలి కళగానికని అవతలివాళ్ళూ చెప్పుకున్నారు. మా ఊళ్ళో మనిషన్నాక రెండు కళగాల్లో ఏదో ఒకదానివాడై ఉండాలి. ఏదీ కాడంటే అనుమానం ఇంకా ఎక్కువవుతుంది.

నా పేరు సుందరరాజులు. బజారులో సిమెంటు, కమ్మీలు, పెయింట్లు అమ్మే కొట్టు నాది. ఎవరినీ చప్పున నమ్మే అలవాటు నాకూ లేదు. నవ్వుతూ వచ్చేవాణ్ణి ఒకసారి, దండం పెట్టి వచ్చేవాణ్ణి రెండుసార్లు ఎగాదిగా చూస్తాను. నటరాజన్ ఏళ్ళ తరబడి నా దగ్గరే సామాను తీసుకుంటున్నాడు, కొట్టు యజమానినని నన్ను మొదలాళీ అంటాడు. నాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాడు. అయినా ఒకరోజు నిలదీశాను.

"ఏమప్పా నటరాజా, నిజం చెప్పు. ఎందుకు పరిగెత్తతా ఉండావు?"

"ఊరికే మొదలాళీ," అన్నాడు. "ఒకరోజు బస్సు తప్పిపోతే దాని వెనకాల పరిగెత్తినాను. బస్సు దొరకలేదు గానీ ఒళ్ళు తేలికైపోయినాది. అదే పట్టుకున్నాను."

ఇంత చిన్న జవాబు నాకు రుచించలేదు. కానీ తవ్వడానికి అందులో ఇంకేమీ కనబడలేదు.

ఆ తర్వాత అతని సరంజామా చూసి నా అనుమానం ఇంకొంచెం పెరిగింది. మా జిల్లా నిండా తోలు ఫ్యాక్టరీలు. విదేశాలకు పోవలసిన బూట్లలో కుట్టు వంకరపోయినవీ జిగురు ఊడినవీ వేలూరు ఫుట్‌పాత్‌ల మీదికి వచ్చి పడతాయి. కొండల్లో పరుగెత్తే బూట్లు ఒక జత అక్కడే కొన్నాడు. అడుగున గోళ్ళలాంటి రబ్బరు పళ్ళు, బురదలోనూ జారవట. ఎడమదాని అంచు నీలం, కుడిదాని అంచు ఆకుపచ్చ.

"దొంగ సరుకేమో చూసుకో," అన్నాను.

"రంగు చూసేది మీరు, రాళ్ళు తొక్కేది నేను గదా మొదలాళీ," అన్నాడు.

కొండ పరుగువాళ్ళు నీళ్ళూ తిండీ పెట్టుకొని వీపుకు కట్టుకునే సంచీ ఒకటుంటుంది. దాని ధర విని కళ్ళు తేలేసి, నా కొట్టులో ఖాళీ పుట్టీ బస్తా ఒకటి పట్టుకుపోయి టైలరు సరసమ్మచేత కుట్టించుకున్నాడు. మిగతావాళ్ళు మడిచి పెట్టుకునే అల్యూమినియం కర్రలు తెచ్చుకుంటే, ఇతను గోడ కట్టేటప్పుడు నిలబడడానికి వేసిన సారంలోంచి సరుగుడు కట్టె ఒకటి లాగి తెచ్చుకున్నాడు. గడియారం మాత్రం పెట్టుకోలేదు. సిమెంటు పట్టి ఆగిపోతుందని ఎప్పుడూ పెట్టుకోలేదట. అదే చివరికి కొంప ముంచింది.

మొదటి పందెం వేలూరు దగ్గర గుట్టల్లో. అందరికన్నా ముందు ఉరికి, సగంలో వాంతి చేసుకొని, ఆఖరివాళ్ళలో ఒకడుగా కుంటుకుంటూ వచ్చాడు. పొన్నై వైపు జరిగిన రెండో పందెంలో కాలి గోళ్ళు నల్లబడి ఊడిపోయాయి. వాటిని కాగితంలో పొట్లం కట్టి కొట్టుకు తెచ్చి చూపించాడు. ఆ పిచ్చి సంబరం చూస్తే నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది. మెల్లగా ఎక్కడ నడవాలో, ఎక్కడ పరుగెత్తాలో అతని కాళ్ళకు అర్థమైంది. ఎక్కుడులో అందరూ రొప్పుతుంటే ఇతను తలమీద గంప ఉన్నట్టు తొణక్కుండా నడిచేవాడు, దిగుడులో రాయిలా దొర్లేవాడు.

మూడో పందెం ఆలంగాయం దగ్గర, జవ్వాది కొండల్లో. దాన్ని వేలూరు పరుగుల క్లబ్బు ఒకటి పెట్టింది. దాని పెద్ద బాలచంద్రన్ అనే ఇంజనీరు. కొండ కింద బయలుదేరి, పైన ఒంటరిగా ఉండే ఒక గుడిసె దాకా ఎక్కి, వేరే దారిన దిగి రావాలి. పైకి ఎక్కకుండా మధ్యలో ఒక పశువుల బాట పట్టుకుంటే సగం దూరం కలిసొస్తుంది. అందుకే గుడిసె దగ్గర బల్ల వేసి, వచ్చినవాళ్ళ నంబర్లు రాసుకునే ఏర్పాటు చేశారు. ఆ రోజు బల్ల తీసుకుపోయే జీపును కొండ కింద ఎన్నికల స్క్వాడ్ ఆపింది. లోపల డబ్బేమైనా దాచారేమోనని సీట్లెత్తి చూసి వదిలేసరికి, పరుగులో ముందున్న ముగ్గురు పైకెక్కి దిగిపోయారు. ఆ ముగ్గురిలో మూడోవాడు నటరాజన్.

మొదటి ఇద్దరూ కుర్రవాళ్ళు. వాళ్ళ చేతి గడియారాలు వాళ్ళు తొక్కిన దారంతా గీత గీసి చూపించాయి. నటరాజన్ చేతికి చెమట తప్ప ఏమీ లేదు. నాలుగోవాడుగా వచ్చిన మనిషి గొడవ పెట్టాడు. "ఈ వయసులో, ఆ గోనెసంచితో నాకన్నా ముందెట్లా వస్తాడు? బాట తప్పించినాడు," అన్నాడు.

"పైన గుడిసెలో ముసలమ్మ సామ గంజి పోసినాది సార్. తాగే వచ్చినాను. ఆయమ్మను అడగండి," అన్నాడు నటరాజన్.

బాలచంద్రన్ అప్పుడే జీపెక్కి వెళ్ళాడు. ఫోనులో నటరాజన్ ఫోటో చూపించి అడిగాడు. ఇట్లాంటి మనిషి ఎవరూ ఇటు రాలేదని ముసలమ్మ తెగేసి చెప్పింది. నటరాజన్ పేరు కొట్టేశారు.

ఈలోగా ఊళ్ళో ఇంకో తమాషా జరిగింది. 'మన మట్టి వీరుడు' అని పెద్దక్షరాలతో, నటరాజన్ పక్కన తాను చేతులు జోడించిన ఫోటోతో, వార్డు నాయకుడొకడు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. పేరు కొట్టేసిన సంగతి తెలియగానే అవతలి పార్టీవాళ్ళు దానికింద నిలబడి పగలబడి నవ్వారు. మరునాటికల్లా ఫ్లెక్సీలో నటరాజన్ ముఖం మీద ఇంకెవరిదో ముఖం అతికించి ఉంది.

నవ్వులు ఎట్లాగో పోతాయి. ఆ నవ్వుల వెనకాల ఇంకో మాట వచ్చింది. బియ్యం వ్యాపారి దొరస్వామి రెండంతస్తుల ఇల్లు నటరాజన్‌కే అప్పజెప్పాలనుకున్నాడు. నా కొట్టులోనే నిలబడి అన్నాడు, "కొండమీద ఎవరూ చూడలేదని అడ్డదారి తొక్కినోడు, నేను చూడనప్పుడు గోడలో ఏం కలుపుతాడో ఎవరికి తెలుసు?" అని. అది ఒక దొరస్వామితో ఆగే మాట కాదు. మేస్త్రి పని చేతి నేర్పుతో ఎంత నిలుస్తుందో నమ్మకంతోనూ అంతే నిలుస్తుంది. పునాదిలో పోసింది మళ్ళీ తవ్వి చూసేవాడెవడు? వారం తిరక్కముందే పని మాట్లాడుకున్న ఇంకో ఇద్దరు కూడా వెనక్కి తగ్గారు. నటరాజన్ పరుగు మానేశాడు. కొట్టుకు వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి, ఇంటికి పోతున్నట్టు సగం తిరిగి మాట్లాడేవాడు.

నాకు ఒళ్ళు మండింది. నటరాజన్ మీద నాకూ అనుమానం లేకపోలేదు. కానీ బాలచంద్రన్ మీద అంతకన్నా ఎక్కువ ఉంది. ఫోను చేసి అడిగాను, "ముందు పోయిన ఇద్దరు కుర్రవాళ్ళనైనా చూసిందా అని ఆ ముసలమ్మను అడిగినారా సార్?" అని. అడగలేదట. "వాళ్ళనూ చూడలేదని చెప్పుంటే?" అన్నాను. అప్పుడు దిగి వచ్చాడు. ముసలమ్మ చూశానని ఒక్క మాట చెబితే, దాన్ని ఫోనులో పట్టి పంపితే, పేరు మళ్ళీ ఎక్కిస్తామన్నాడు.

ఆదివారం నటరాజన్‌ను నా బైకు వెనకాల కూర్చోబెట్టుకొని బయలుదేరాను. రానన్నాడు. "నువ్వు ఎక్కింది నిజమైతే వస్తావు," అన్నాను. ఎక్కాడు. జీపు దారి వదిలి, పందెం బాటలో బండి పోయినంత దూరం పోయి, మిగతాది నడిచాం. అతను ముందు నడుస్తుంటే నేను వెనకాలే కనిపెడుతూ వచ్చాను, దారి తడుముకుంటాడేమోనని. ఒక్కచోట కూడా తడుముకోలేదు.

గుడిసె ముందు ముసలమ్మ చేటలో సామలు చెరుగుతోంది. మమ్మల్ని చూడగానే చేట కింద పెట్టి లేచింది. నటరాజన్ ముఖంలోకి ఒక క్షణం చూసి, గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆమె పేరు కుప్పమ్మ. మాట్లాడింది కొండ తమిళం, నేను మా తెలుగులో చెబుతున్నాను.

"తప్పించుకున్నావా నాయనా? చిక్కలేదు గదా? నువ్వు పోయినాక పోలీసోళ్ళు జీపులో వచ్చినారు. నీ వెనకాల పరిగెత్తి వచ్చినోళ్ళందరినీ నిలబెట్టి రాసుకున్నారు. నీ బొమ్మ చూపించి అడిగినారు. నేను చెప్తానా? ఇట్లాంటోడు ఎవడూ రాలేదని చెప్పినా. నమ్మి దిగిపోయినారు."

నటరాజన్ అడిగాడు, "ఎందుకమ్మా అట్లా చెప్పినావు?"

కుప్పమ్మ అరుగు మీద కూలబడింది. ఆమెకు రామసామి అని ఒక్కడే కొడుకు. కట్టెలు కొట్టే పనని చెప్పి ఒక ఏజెంటు ఆంధ్రా అడవికి తీసుకుపోయాడు. అక్కడ కొట్టించింది ఎర్రచందనం. రామసామి భయపడి పారిపోయి వచ్చాడు, రొప్పుకుంటూ, వీపున సంచితో. ఆ వెనకాలే పోలీసు జీపు వచ్చింది.

"నవ్వుతానే అడిగినారు నాయనా. నీ కొడుకు యాడమ్మా, వాణ్ణేం చెయ్యము, ఒక మాట అడగాల అన్నారు. ఇట్నే పోయినాడయ్యా అని నేనే చెయ్యి చూపించినా. ఈ చెయ్యే. ఇంకా జైల్లోనే ఉండాడు." కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంది. "నువ్వట్లా రొప్పతా వచ్చి గంజి తాగతా ఉంటే వాణ్ణి చూసినట్టే ఉండె. ఈసారి పట్టియ్యకూడదు అనుకున్నా. పట్టియ్యలేదు. ఆ పొద్దు నుంచే నాకు నిద్ర పడతా ఉండాది."

నేను జేబులోంచి ఫోను తీశాను. ఒక్క మాట చాలు. ఈ మనిషి ఇక్కడికి వచ్చాడు, గంజి తాగాడు అంటే చాలు. వాళ్ళు పోలీసులు కారు, పరుగు పందెంవాళ్ళు అని చెబితే చాలు. నోరు తెరవబోతుంటే నటరాజన్ నా చెయ్యి పట్టుకొని పక్కకు లాగాడు. ఆమెకు అర్థం కాకూడదని తెలుగులో అన్నాడు.

"వద్దు మొదలాళీ."

"ఒరేయ్, దొరస్వామి ఇల్లు పోతాది. ఇంకొకడు పునాది తవ్వేస్తాడు."

"పోనీలెండి."

"ఊళ్ళో తలెత్తుకొని తిరిగేది ఎట్లా?"

కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తల వంచుకున్నాడు. "చెప్పి కొడుకును పోగొట్టుకున్నాది. చెప్పకపోయినా తప్పేనని తెలిస్తే ఆయమ్మ ఏమైపోతాది మొదలాళీ?"

నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

మేము గుసగుసలాడుకోవడం చూసి కుప్పమ్మకు భయమేసింది. లేచి వచ్చి, నన్ను పైనుంచి కిందికి అనుమానంగా చూసింది. నా చేతిలో ఫోను చూసింది. "ఈయన ఎవరు నాయనా? నీ మనిషేనా?" అని అడిగింది.

"మా మనిషేనమ్మా," అన్నాడు నటరాజన్.

"జీపు మళ్ళా వస్తే?"

నటరాజన్ వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. "నీవల్లనే తప్పించుకున్నానమ్మా. ఎవరొచ్చి అడిగినా, ఎంత మంచిగా అడిగినా, నన్ను చూడలేదనే చెప్పు," అన్నాడు.

అట్లాగే చెబుతానని ఆమె అతని నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.