నడిమింటి బండల కింద

మా నడిమింటి బండల కింద ఇంకో ఇల్లు ఉండేదని, దానికి మెట్లూ గుమ్మమూ ఉండేవని, ఒకసారి నేను బండ ఎత్తి చూస్తే లోపల ఎవరో దీపం ఆర్పేశారని ఆళ్లగడ్డ బస్టాండు పక్కన టీకొట్టులో ఏళ్ల తరబడి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక మెట్టు పెరిగేది. చివరికి పదిహేడయ్యాయి. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మెట్లు లేవు, గుమ్మం లేదు. దీపం ఆరిన మాట మాత్రం నిజం.

డెబ్బయ్యో దశకం చివరి సంగతి. ఇల్లు ఆళ్లగడ్డలో, నా డ్రాయింగు మాస్టరు ఉద్యోగం నంద్యాలలో. ఇంట్లో నేల మట్టిది, పేడతో అలికేది. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న నా భార్యను ఆ నేల నెర్రెలోంచి వచ్చిన తేలు కుట్టింది. బతికి బయటపడింది. కాన్పుకు శిరివెళ్లలో పుట్టింటికి వెళ్లి, మగపిల్లవాణ్ణి కని, మామతో కబురు పంపింది. “బండలు పరిచేదాకా పిల్లోన్ని ఆ ఇంట్లో దించేది లేదు.”

నంద్యాలలో రాళ్ల అడితీలు ఉండేవి. సాయంత్రం బడి వదలగానే అక్కడికి పోయేవాణ్ణి. బేతంచెర్ల రాయిని నాలుకకు తాకించి ఏ గనిదో చెప్పేవాణ్ణని కూడా టీకొట్టులో చెప్పాను. అదీ కోతే. రాళ్లు ఎంచింది ఆళ్లగడ్డ శిల్పుల ఇంటి ముసలాయన. విగ్రహాల పని లేనప్పుడు ఇళ్లకు బండలు పరిచేవాడు. బండను నిలబెట్టి, వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించేవాడు.

“ఇది పలకడంల్యా. లోపల పగులుండాది.”

“పైకి నున్నగానే ఉందే అన్నా?”

“నువ్వు రంగులు పూసేవానివి అయివారా. నీకు పైనే కనపడతాది.”

పలికిన బండలను ఒక పక్క పెట్టాక, వాటిని ఎట్లా పరచాలో తేల్చుకోవలసి వచ్చింది. సిమెంటులో కూర్చోబెడితే మళ్లీ కదలవు. ఉత్త ఇసుక మీద పరిస్తే ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి, కావాలంటే ఎప్పుడైనా ఎత్తుకోవచ్చు, పని కూడా తొందరగా అవుతుంది. నాకు ఇసుకే నచ్చింది.

“ఇసకైతే కింద నేల గట్టిగుండల్ల,” అన్నాడు ముసలాయన. “నడిమింట్లో పాతర ఏమన్నా ఉండాదా?”

పాతరంటే జొన్నలు దాచే గొయ్యి. మనిషి దిగేంత మూతి, లోపల గదంత కడుపు. పాత ఇళ్లలో చాలావాటికి ఉండేది.

“ఉంటే ఏం చెయ్యాలన్నా?”

“ఎర్రమన్ను పోసి, దిమ్మిస కొట్టి, ఒక వానాకాలం తాగనీయల్ల. ఆమీట పరుస్తా.”

పిల్లవాడు బోర్లా పడుతున్నాడని మామ చెప్పి అప్పటికి వారం. వాణ్ణి నేను రెండేసార్లు చూశాను. వానాకాలం పోయేదాకా అంటే వాడు నడిచేస్తాడు.

“లేదన్నా,” అన్నాను.

ఉంది. మా నాయన కాలంలోనే చివరిసారి జొన్నలు తీసి, రాతి మూత వేసి, పైన మట్టి మెత్తారు. ముసలాయన పరిచేముందు గడ్డపారతో నేలంతా కొట్టి వింటాడని నాకు తెలుసు. అందుకని బండ్లు రాగానే బండలన్నీ నడిమింట్లోకి తెప్పించి, సరిగ్గా ఆ మూత మీద దొంతి పెట్టించాను. అక్కడ కొట్టడానికి ఆయనకు చోటే లేదు. దొంతి తరిగి చివరికి వచ్చాక, ఆయన అన్నానికి పోయిన సమయంలో ఆ భాగానికి నేనే ఇసుక పోసి చదును చేశాను. అన్ని బండల బరువు కింద ఆ మూత ఏమై ఉంటుందని ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

నా భార్య వచ్చింది. చెప్పులు విడిచి గదులన్నీ నడిచి చూసింది. “చల్లగుండాదిప్పా,” అంది. పిల్లవాణ్ణి నడిమింట్లో దించింది.

పది రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాత వాడొక పని మొదలుపెట్టాడు. మధ్యాహ్నం ఎంత ఏడుస్తున్నా, నడిమింట్లో ఆ మూత ఉన్న చోట బోర్లా పడుకోబెడితే చాలు, ఠక్కున ఆపేసేవాడు. చెంప బండకు ఆనించి, కళ్లు తెరిచి, కదలకుండా ఉండేవాడు. నిద్ర కాదు. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు ఉండేది.

ఒకరోజు ఆమె బండలు కడుగుతోంది. నీళ్లు గుమ్మం వైపు పారకుండా వెనక్కి మళ్లి, నాలుగు బండల మూలలు కలిసే సందులోకి పోయాయి. ఇద్దరం చూస్తూనే ఉన్నాం. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఎక్కడో లోతున నీటిబొట్టు పడింది. మళ్లీ ఒకటి.

“ఏందిది?”

“ఎలుక బొక్క,” అన్నాను.

“ఎలుక అంత లోతు తవ్వుతాదా?”

కొత్త రాయి ఏడాది పాటు చప్పుడు చేస్తుందని, గనిలో అలవాటైన మాట మరిచిపోదని ఏదో కథ చెప్పాను. ఆమె నమ్మినట్టే తల ఊపింది. కానీ ఆ సందులోంచి వాసన వచ్చేది, పులిసిన జొన్నల వాసన. మా ఇంట్లో జొన్నలు తెచ్చి ఏళ్లయింది. పట్టపగలే ఆ గదిలోకి ఒంటరిగా పోవడం మానేశాను. పిల్లవాడు మాత్రం మానలేదు.

ఆ ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి వాకిట్లో కూర్చున్నాను. ఆమె పిల్లవాణ్ణి దించి, పాలకని లేచింది. వాడు మోచేతుల మీద లేచాడు. వాడి కింది బండ మూల వేలు మందాన దిగింది. చప్పుడు లేదు. మళ్లీ తనంతట తనే లేచింది. లోపల ఎవరో ఊపిరి పీల్చి వదిలినట్టు.

ఆమె వాణ్ణి ఎత్తుకుని గుమ్మం దాటాక అడిగింది. “ఏముండాది కింద?”

“పాతర.”

“నీకు తెలుసునా?”

తల ఊపాను.

“తేలన్నా కనపడింది కదయ్యా,” అంది.

ముసలాయనను ఆమే పిలిపించింది. ఆయన నన్ను పలకరించలేదు. నాలుగు బండలూ ఎత్తాడు. కింద ఇసుక లేదు. మూత రెండు ముక్కలై లోపల పడింది, దాని వెంట ఇసుకంతా జారిపోయింది. బండలు మాత్రం అంచుల మీద ఆనుకుని గాలిలో నిలిచి ఉన్నాయి. ఆయన లాంతరుకు తాడు కట్టి దించాడు. మూర లోతు పోయిందో లేదో, ఎవరో రెండు వేళ్లతో వత్తి పట్టుకున్నట్టు ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించాడు. అక్కడే ఆరింది.

“చెడుగాలి,” అన్నాడు. “పిల్లోడు యాడ పండుకుంటాండె?”

ఆమె వేలితో చూపించింది.

రెండు రోజులు తెరిచి ఉంచాక దీపం నిలిచింది. అడుగున ఇసుక కుప్ప, విరిగిన మూత. చుట్టూ గోడకు మెత్తిన బంకమట్టిలో చేతి గుర్తులు. చిన్న చేతులు, పిల్లలవి. అడుగు నుంచి మూతి దాకా ఒకదాని మీద ఒకటి, ఎక్కి వస్తున్నట్టు. పాతర మెత్తడానికి సన్నగా ఉన్నవాళ్లనే దించేవారని ముసలాయన చెప్పాడు. అంతే అయి ఉంటుంది. ఆ గుర్తులు కదిలాయని తర్వాత నేను కల్పించాను. అవి కదల్లేదు. కానీ నేను ఎక్కువసేపు చూడలేకపోయాను.

ఆ సాయంత్రం బస్సుకే ఆమె పిల్లవాణ్ణి తీసుకుని శిరివెళ్ల పోయింది. నేను బండ్లతో ఎర్రమన్ను తోలించాను. బడి లేని రోజుల్లో నేనే దిమ్మిస కొట్టాను, నీళ్లు పోశాను. వానాకాలమంతా ఆ మన్ను తాగింది. బండలు పరచడానికి ముసలాయన తర్వాత వచ్చాడు గానీ, గడ్డపారతో ఆ చోటును మూడుసార్లు కొట్టి విని మరీ పరిచాడు.

పిల్లవాడి మొదటి అడుగులు నేను చూడలేదు. శిరివెళ్లలో, వాళ్ల తాత ముందు వేశాడట.

వాళ్లు తిరిగి వచ్చిన రోజున నడిమింట్లో ఆ మూల నుంచి ఈ మూలకు నేరుగా నడిచి చూపించాను. మధ్యలో ఆగి మడమతో గట్టిగా తొక్కాను.

“చూడు, ఎంత గట్టిగా ఉందో.”

“ఉండాదిలేప్పా. నువ్వు నడుచుకో.”

వాణ్ణి కిందికి దించింది, కానీ చెయ్యి వదల్లేదు. గోడ పక్కగా, ఆ నాలుగు బండలూ తప్పించి, చుట్టూ తిప్పుకుని వంటింట్లోకి తీసుకుపోయింది.