తలూపితే సూది వెయ్య

బాన్సువాడలో మా పెద్ద సిస్టర్ పోయిందని ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. నాకు చెయ్యి పట్టుకుని నర్సు పని నేర్పిన మనిషి. మేమంతా అక్క అనేవాళ్లం. ఏడుపు రాలేదు, ముందు కోపం వచ్చింది. ఆమెకు కాస్త మనశ్శాంతి దొరికేదాకానైనా ఆగలేకపోయిందా ఈ చావు!

రెండువేల సంవత్సరం దాటాక, ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ఆమె కింద చేరాను. ఎవరికి సూది వేయాలన్నా పేరు, తండ్రి పేరో మొగుడి పేరో, ఊరు మూడూ నోటితో చెప్పించేది. మగని పేరు పలకకూడదనుకునే ఆడవాళ్లతో రోజూ పేచీయే. జుక్కల్ నుంచి వచ్చిన ఒక ముసలామె మొగుడి పేరు చంద్రయ్య. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆకాశంకేసి వేలు చూపించింది.

"ఏలు సూపుడు నడవది అవ్వా. తలూపితే కూడ సూది వెయ్య. నోరు తెరిచి చెప్పు," అంది అక్క. మేం పడీపడీ నవ్వాం. ఆమె నవ్వలేదు. ఎందుకో తర్వాత తనే చెప్పింది.

తొంభైలలో అక్క వేరే దవాఖానలో చేసేది. అదిప్పుడు లేదు. అక్కడ వార్డులో ఒకేసారి ఇద్దరు సాయిలులు చేరారు. మా దిక్కు ఆ పేరుకు కొదవేముంది? ఒకాయన జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. పేరేంటని అడిగితే పక్కనున్న భార్య సిగ్గుపడి ఊరుకుంది. పని తొందరలో అక్కే "సాయిలేనా?" అంది. ఆమె తలూపింది. అబద్ధమేం కాదు, ఆయనా సాయిలే. అక్క వేసిన సూదిమందు మాత్రం రెండో సాయిలుకు రాసింది. ఈయన ఒంటికి అది పడలేదు. కాసేపటికే ప్రాణం పోయింది.

గుండె ఆగిందని చెప్పి పంపించేయమన్నాడట డాక్టరు. అక్క వినలేదు. ఆ భార్య ముందు కూర్చుని, వేరేవాళ్ల మందు వేశానని, తప్పు తనదేనని చెప్పేసింది. ఉద్యోగం పోయింది. దానికి ఆమె బాధపడలేదు. నిజం తెలిస్తే ఆ మనిషికి న్యాయం జరుగుతుందనుకుంది. ఏ న్యాయమూ జరగలేదు. "నేను తలూపవట్టే సచ్చిండు" అని ఆ భార్య అనడం మొదలుపెట్టింది, అంతే, ఇక ఆ మాట వదల్లేదు.

సెలవు దొరికినప్పుడల్లా అక్క వర్ని దగ్గరున్న సాయిలు భార్య ఊరికి పోయేది. తప్పు నీది కాదని మళ్లీ మళ్లీ చెప్పి వచ్చేది. చెప్పిన ప్రతిసారీ వమ్మే.

"దాస్తే ఆమె కంటినిండ నిద్ర పోతుండె. చెప్పి ఆమె నిద్ర నేనే తిన్న," అంది ఒకసారి నాతో.

మళ్లీ అట్లాగే జరిగితే దాస్తావా అక్కా అని అడిగాను. 

"దాయ. మళ్ల చెప్త," అంది. ఆ ఒక్క మాటకే నేనామెకు జన్మంతా రుణపడ్డాను. ఆమెకు మాత్రం ఆ మాట ఏ సుఖమూ ఇవ్వలేదు.

అక్క మట్టి అయిన మర్నాడు నేనే ఆ ఊరు వెళ్లాను. సాయిలు భార్య గడపలో చాట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. సిస్టర్ పోయిందని చెబితే చెయ్యి ఆగింది.

"ఆమె వచ్చిపోయినంక రెండు దినాలు జర పానం నిమ్మళముంటుండె. ఇగ ఎవ్వలొస్తరు?"

తప్పు నీది కాదమ్మా అన్నాను, అక్క అన్నట్టే.

"గా దినం నువ్వు ఆడున్నవా?"

లేనన్నాను.

"మరి నీకేమెరుక బిడ్డా," అని చాట దగ్గరికి లాక్కుని, తల వంచుకుని మళ్లీ రాళ్లు ఏరసాగింది.