రొయ్యల గుంట మీద శత్రువు

ఒక దేశం యుద్ధానికి ఎందుకు దిగుతుందో మీరెప్పుడైనా అడిగారా, లేక టీవీ చెప్పిన పౌరుషానికి చప్పట్లు కొట్టి ఊరుకున్నారా?

నెల్లూరు జిల్లా విడవలూరు తీరానికి మేం చేరింది ఎండాకాలం, మధ్యాహ్నం రెండు గంటలకు. సరిహద్దులో కాల్పులు మొదలై నాలుగు రోజులైంది. ఉప్పుగాలి. కాలే ఇసుక. చుట్టూ రొయ్యల గుంటలు. ఒక రాడార్, ఒక లాంచర్, ఆరు కొత్త క్షిపణులు, తొమ్మిది మందిమి. డ్రోన్ కనిపిస్తే కూల్చాలని ఆర్డర్. ఎవరూ డ్రోన్లు ఎగరెయ్యకూడదని ఊళ్లలో మైకులో చెప్పించారు.

రాడార్ తెర నాది. మా దళానికి పెద్ద సుబేదారు గారు, ఆయనది అనంతపురం. ఆ క్షిపణి తయారుచేసిన కంపెనీ ఇంజినీరు కూడా మాతో ఉన్నాడు. దాన్ని ఇంతవరకూ యుద్ధంలో వాడలేదట. ఒక్కసారి వాడి చూపిస్తే బయటి దేశాలు కొంటాయట. భోజనాల దగ్గర దాపరికం లేకుండా చెప్పాడు. మంచివాడే, తన ఊరగాయ మాకూ పెట్టాడు. ఈ తీరంలోని ఓడరేవు, నౌకల దారి, రాకెట్ కేంద్రం, పైన అమ్ముడుపోవాల్సిన ఆయుధం. యుద్ధానికి లోపలి కారణాలు ఇలాంటివి. పౌరుషం వాటి మీద కప్పే జెండా.

మూడో రోజు ఉదయం ఆరూ పది. తెర మీద చుక్క. మూడు కిలోమీటర్ల దూరం, తక్కువ ఎత్తు. లాంచర్ అటు తిరిగింది. ఇంజినీరు కెమెరా తీశాడు.

చుక్క నేరుగా పోయింది. కాస్త పక్కకు జరిగి వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది. మా ఊరు సంగంలో మడి దున్నినవాణ్ణి నేను. ఆ నడక నాకు తెలుసు.

"సార్, ఇది చాళ్లు వేస్తా ఉంది. బాంబు వేసేది ఇట్లా తిరగదు. రెండు నిమిషాలు ఇవ్వండి."

ఆలస్యమైతే తప్పించుకుంటుందని ఇంజినీరు తొందరపెట్టాడు.

"ఆ కెమెరా లోపల పెట్టు నాయనా," అన్నారు సుబేదారు గారు. బటన్ దగ్గరి జవాను చెయ్యి తీశాడు.

రెండో నిమిషం దాటకముందే చుక్క ఒక గట్టు మీద దిగింది.

జీపులో వెళ్లాం. లుంగీ పైకి కట్టిన రైతు ఒకాయన డ్రోన్ డబ్బాలో మళ్లీ మేత పోస్తున్నాడు. మైకులో చెప్పింది వినలేదా అని అడిగాను.

"విన్నానన్నా. కూలోళ్లు భయపడి రాలా. రొయ్యకి యుద్ధం తెలవదు కదా, ఆరుకి మేత పడాల."

సుబేదారు గారు నవ్వుతూ గట్టు మీదే కూలబడ్డారు. కాల్చి ఉంటే ఆ ముక్కలు పడేది ఈ మనిషి మీదే. పది గంటలకల్లా నెల్లూరు తీరంలో శత్రు డ్రోన్ కూలిందని దేశమంతా ఊగిపోయేది. ఆ మాట వెనక్కి తీసుకునే ధైర్యం ఏ ప్రభుత్వానికి ఉంటుంది?

పన్నెండో రోజు ఆరు క్షిపణులతోనే వెనక్కి వచ్చాం. ఆ రాత్రి అందరం హాయిగా నిద్రపోయాం, ఇంజినీరు కూడా. నన్ను వదలనిది ఒకటే. ఆ ఉదయం ఆ రైతు తాడు లాగి, రొయ్యలు తింటున్నాయో లేదో చూసే మేత తట్టను నీళ్లలోంచి పైకెత్తాడు. దాని నిండా రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. "బాగుండాయి, చూడండి," అని మా ముందు పెట్టాడు.

శత్రువును కూల్చామని మళ్లీ వార్త వస్తుంది. చప్పట్లు ఆపండి. కూలింది ఎవరిది, కింద ఎవరున్నారు, ఆ తర్వాత ఎవరి ఆయుధం అమ్ముడుపోయింది? మీ ఎంపీకి ఉత్తరం రాసి అడగండి. జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉండండి.